కోలఖడ్గీయం: సటీకాతాత్పర్యం

అవతారిక

మెతుకుసీమలోని కొలిచెలమవాడు మల్లినాథసూరి కాళిదాసుకు, భారవికి, మాఘునికి వ్యాఖ్యలు రాసేసి, తరవాతివాళ్ళకు పని లేకుండా చేసి వెళ్ళాడు. అందుచేత మేము వీడియో గేముల మీద పడవలసి వచ్చింది. చిన్నచూపు అక్కర్లేదు. శ్లోకం అర్థం కానివాడు పుస్తకం మూసి నిద్రపోతాడు. ఆట అర్థం కానివాడు మొదటి గుహలోనే చచ్చి, లేచి, మళ్ళీ అక్కడే చస్తాడు. టీక ఎవరికి ఎక్కువ అవసరమో వేరే చెప్పాలా?

ప్రస్తుత మూలం ‘ది లెజెండ్ ఆఫ్ జెల్డా: స్కైవర్డ్ స్వోర్డ్’. 2011 నవంబరులో నింటెండో తన వీ యంత్రం కోసం వెలువరించింది. దర్శకుడు హిదెమారో ఫుజిబయాషి, నిర్మాత ఎయిజి అవొనుమా. జెల్డా పరంపర 1986లో మొదలైంది కనుక ఇది ఆ వంశానికి రజతోత్సవ కృతి. జపాను పత్రిక ఫామిత్సు దీనికి 40కి 40 మార్కులు వేసింది. మార్కులు పరీక్షాధికారుల వ్యవహారం, మాది గుణదోష విచారం.

మేము దీనికి పెట్టుకున్న పేరు కోలఖడ్గీయం. తెలుగు కోలకు సంస్కృత ఖడ్గాన్ని ముడివేస్తే వైరిసమాసమని వ్యాకరణవేత్తలు కోప్పడతారు. ఆడి చూస్తే వారే చల్లబడతారు. ఇందులో చేతిలోని రిమోట్ కోలకూ తెరమీది ఖడ్గానికీ నిజంగానే వైరం.

కథ పొట్టిది. మేఘాల మీద తేలే ఊరు స్కైలాఫ్ట్. అక్కడ నైట్లను తయారుచేసే అకాడమీ. నైట్లంటే పాత ఐరోపా కథల్లో గుర్రమెక్కిన వీరులు. ఇక్కడ గుర్రానికి బదులు మనిషిని మోసేంత పక్షి. అకాడమీ యూనిఫాం రంగు ఏటా మారుతుంది, ఈ ఏడు పచ్చ. నాయకుడు లింక్ నోరు విప్పడు. నాయిక జెల్డా సుడిగాలికి చిక్కి మేఘాల కిందికి పడిపోతుంది. ఆమెను వెతుక్కుంటూ అతడు దిగుతాడు, చేతిలో దేవత ఇచ్చిన కత్తి. మధ్యయుగమని కత్తులూ డాళ్ళూ చూపించి, ఎడారిలోకి వెళ్ళేసరికి రోబోలను దింపుతారు. కాలవిరుద్ధమనే ఆక్షేపణ జెల్డా విషయంలో చెల్లదు, ఈ పరంపర మన పంచాంగానికి కట్టుబడదు.

ఈ ఆటకు అధికారి, అంటే అర్హుడు, ఎవరంటే, చెయ్యి బారజాపితే గోడ తగలని గది, వెనక ఎవరూ నిలబడి లేరన్న నమ్మకం, రెండు పెన్సిల్ బ్యాటరీలు ఉన్నవాడు. మణికట్టుకు తాడు కట్టుకోవడం కూడా అధికారంలో భాగమే. వీ బజారులోకి వచ్చిన 2006లోనే రిమోట్లు చేతుల్లోంచి జారి టీవీల మీదికి ఎగిరాయి. ఆ డిసెంబరులో కంపెనీ సుమారు 32 లక్షల తాళ్ళను గట్టివాటితో మార్చి ఇస్తానని ప్రకటించవలసి వచ్చింది. యజ్ఞోపవీతం లేని వేదాధ్యయనం ఎలాంటిదో తాడు లేని ఈ ఆట అలాంటిది.

మూలంలో సూచనలు పొడిపొడి వచనంలో తెరమీదికి వస్తాయి. ధారణకు వీలుగా ఉంటుందని వాటి సారాన్ని మేమే పద్యాల్లో పెట్టాం. ఛందోదోషాలుంటే మావి, ఆటదోషాలుంటే క్యోటోవారివి.

మూలం

కుడిని కత్తి యనుచుఁ గొనుము కోలను జేత,
నెడమఁ దాల్చుదాని నెన్ను డాలు,
వైరి కాచు దిక్కు వదలి వేరొక దిక్కుఁ
గొట్టు, గురుతు చెడినఁ గూర్మి నొక్కు.

ప్రతిపదార్థం

కుడిని = కుడిచేతిలో; కోలను = రిమోట్ అనే పొడుగాటి ప్లాస్టిక్ ముక్కను; కత్తి యనుచున్ = కత్తే అనుకొని; చేతన్ కొనుము = పట్టుకో; ఎడమన్ తాల్చుదానిన్ = ఎడమచేతిలో ఉన్న, వైరుతో రిమోట్‌కు వేలాడే నన్‌చక్‌ను; డాలు ఎన్ను = డాలుగా ఎంచుకో (‘గా’ గణాలకు బలైపోయింది); వైరి = ఎదుటి రాక్షసుడు; కాచు దిక్కు = ఆయుధం అడ్డం పెట్టిన వైపును; వదలి = విడిచిపెట్టి; వేరొక దిక్కున్ కొట్టు = ఖాళీగా ఉన్న వైపున కొట్టు; గురుతు చెడినన్ = నీ చేతి వాలుకూ తెరమీది కత్తి వాలుకూ పొత్తు కుదరకపోతే; కూర్మిన్ నొక్కు = బాణాల మీటను ప్రేమగా నొక్కు.

తాత్పర్యం

కర్ర ఊపడం గొప్ప కాదు, ఏ వాలున ఊపావన్నదే లెక్క.

విశేషాలు

‘కుడిని’ అన్నచోట పెద్ద వివాదం ఉంది. లింక్ పుట్టుకతో పుర్రచేతివాటం. తొలి ఆటల నుంచి కత్తి ఎడమచేతనే పట్టాడు. 2006లో ఇదే పరంపరలోని ‘ట్విలైట్ ప్రిన్సెస్’ వచ్చినప్పుడు, వీ కొనేవాళ్ళలో ఎక్కువమంది కుడిచేత్తో రిమోట్ ఊపుతారని గ్రహించి, కంపెనీవారు నాయకుడి చెయ్యి మార్చే బదులు లోకాన్నే అద్దంలో తిప్పేశారు. అంటే పాత యంత్రమైన గేమ్‌క్యూబ్ ప్రతిలో తూర్పున ఉన్నదంతా వీ ప్రతిలో పడమటికి పోయింది. పాఠాంతరాలు చాలా చూశాం గాని, దిక్కులు తారుమారైన పాఠాంతరం ఇదొక్కటే. స్కైవర్డ్ స్వోర్డ్‌కు వచ్చేసరికి లింక్ పూర్తిగా కుడిచేతివాడైపోయాడు. పుర్రచేతి ఆటగాడు ఎడమచేత్తో కోల పట్టుకుంటే తెరమీద కుడిచెయ్యి కదులుతుంది. వాళ్ళకోసం ఒక్క మీట కూడా పెట్టలేదు. నాయకుణ్ణే సొంతవాళ్ళ జట్టులోంచి తప్పించారని వాళ్ళు నొచ్చుకుంటే తప్పు పట్టలేం.

‘వైరి కాచు దిక్కు’ ఈ పద్యానికి ప్రాణం. మా పక్షపాతం ఎటో దాచుకోం. ఈ ఆటలో గొప్పదంతా ఈ మూడో పాదంలోనే ఉంది. మన జానపద చిత్రాల్లో కత్తి కాంతారావు యుద్ధాలు గుర్తుచేసుకోండి. ఇద్దరి కత్తులూ గాలిలో కలుసుకొని టంగుమనడమే పని, ఒంటిమీద దెబ్బ పడేది ఆఖరి రీలులో. 2006 నాటి ట్విలైట్ ప్రిన్సెస్‌లోనూ దాదాపు అంతే. చెయ్యి ఎటు ఊపినా లింక్ తనకు తోచిన దెబ్బ తాను కొట్టేవాడు. అంటే రిమోట్ ఊపడం మారువేషం వేసుకున్న బటన్ నొక్కుడు. స్కైవర్డ్ స్వోర్డ్ ఆ మారువేషం విప్పింది. అడ్డంగా, నిలువుగా, ఏటవాలుగా, పొడుపుగా చెయ్యి ఎలా వెళితే కత్తి అలా వెళ్తుంది. దానికి తగ్గట్టు రాక్షసులను చెక్కారు. డెకు బాబా అనే మాంసాహారి మొక్క నోరు ఒకసారి అడ్డంగా, ఒకసారి నిలువుగా తెరుచుకుంటుంది, నోటి చీలిక వెంటే కొట్టాలి. స్టాల్ఫోస్ అనే అస్థిపంజరం రెండు కత్తులు పట్టుకొని వాటి మధ్య ఒకే ఒక్క సందు చూపిస్తుంది. మూడు తలల స్టాల్డ్రాకు మూడు తలలూ ఒక్క గీతలోకి వచ్చిన క్షణంలో ఒక్క వేటు వేయాలి, రెండు తెగి ఒకటి మిగిలిందా, తెగిన రెండూ తిరిగి మొలుస్తాయి. ఒక తలుపు మీద పెద్ద కన్ను ఉంటుంది. కత్తి మొన ఎటు తిరిగితే అటు చూస్తుంది. మొనను గుండ్రంగా తిప్పుతూ పోతే దానికి కళ్ళు తిరిగి పడిపోతుంది, తలుపు తెరుచుకుంటుంది. ఇంత అల్లరి ఊహ వచ్చినవాడికి ఒక కనకాభిషేకం చేయవచ్చు.

గిరాహిమ్ ఘట్టం దగ్గర వ్యాఖ్యాత కాసేపు కూర్చోవాలి. తెల్లని జుట్టు, వంకర నవ్వు, పొగరు నిండిన ఈ ప్రతినాయకుడు మొదటి పోరులో చాలాసేపు కత్తే తీయడు. చెయ్యి చాపి నిలబడతాడు. నీ కోల కుడికి వెళితే వాడి చెయ్యి అటే వస్తుంది, పైకి ఎత్తితే పైకి లేస్తుంది. తొందరపడి కొట్టావా, రెండు వేళ్ళ మధ్య కత్తిని పట్టేసుకుంటాడు, లాక్కొని నీమీదికే విసురుతాడు. చాలామంది ఇక్కడ భుజాలు పీకేలా ఊపి, ఓడిపోయి, రిమోట్‌ను తిడతారు. పరిష్కారం ఊపడంలో లేదు, ఆపడంలో ఉంది. కోలను ఒకవైపు నిలిపి, వాడి చెయ్యి అటు వచ్చేదాకా ఓర్చి, చటుక్కున రెండోవైపు నుంచి కొట్టాలి. చేత్తో అబద్ధమాడాలి. ఎదుటివాడు నీ కత్తిని చదువుతున్నాడని తెలిశాక, చదవడానికి తప్పుడు అక్షరం చూపించే విద్య అది. బటన్లతో కత్తియుద్ధాలు చాలా వచ్చాయి, మాటు వేసిన మణికట్టును ఇలా పాఠంగా నేర్పినది మరొకటి మేము ఎరగం.

కోలోక్టోస్ ఘట్టం ఇంకో మెట్టు పైది. ఆ ఘట్టం జరిగే గుడి లోపల పైఅంతస్తు బంగారం, తామరాకులు, స్వచ్ఛమైన నీరు. కింది అంతస్తు చీకటి, ఎముకలు, మురుగు. పైనుంచి వేలాడే తాడు పట్టుకొని నువ్వు ఎక్కుతుంటే కిందినుంచి చచ్చిన బొకోబ్లిన్ భూతాలు అదే తాడు పట్టుకొని వెంట ఎక్కుతాయి. 1918లో ర్యునొసుకే అకుతగావా రాసిన సాలెదారం కథ చదివినవాళ్ళు ఆ తాడును వెంటనే గుర్తుపడతారు. ఆ గుడి చివర ఉండే కోలోక్టోస్ ఆరు చేతుల బంగారు యంత్రపురుషుడు. కొరడాతో వాడి చేతులు ఊడలాగాలి. తరవాత వాడి చేతిలోంచి పడిన మనిషంత కత్తినే ఎత్తుకొని వాడి మీద దింపాలి. చేతిలో ఉన్నది అదే ప్లాస్టిక్ కోల, బరువు పిసరంతైనా పెరగలేదు. అయినా ఆ దెబ్బలకు ఆటగాడు రెండు చేతులా పట్టుకొని ఊపుతాడు. బరువు లేనిచోట బరువు పుట్టించడం ఏ అలంకారమో లాక్షణికులు తేల్చాలి.

‘గురుతు చెడినన్’ అన్నచోట కొంచెం యంత్రశాస్త్రం తప్పదు. తొలి వీ రిమోట్‌లో ఉన్నది యాక్సిలెరోమీటర్. కుదుపు ఎంతో, భూమి ఎటు లాగుతోందో దానికి తెలుసు. కోలను కిందికి వంచితే పసిగడుతుంది. సమంగా పట్టుకొని ఎడమకు తిప్పితే భూమి లాగే దిక్కు మారదు కనుక దానికి ఏమీ తెలియదు. ఆ లోటు తీర్చడానికి 2009లో మోషన్‌ప్లస్ అనే తోక వచ్చింది, అందులో గైరోస్కోప్. ఈ ఆటకు అది లేకపోతే కుదరదు. గైరో చెప్పేది తిరిగే వేగం. ఆ వేగాలను క్షణక్షణం కూడుకుంటూ పోతే ఇప్పుడు కోల ఎటు ఉందో లెక్క తేలుతుంది. ప్రతి కూడికలో రవ్వంత తప్పు ఉంటుంది, తప్పులూ కూడుకుంటాయి. కాసేపు పోయాక నువ్వు నిటారుగా పట్టుకున్నది తెరమీద ఓరగా వాలుతుంది. టీవీ దగ్గర పెట్టే సెన్సార్ బార్ వెలుగును చూసుకుంటే దారి దొరికేదే. అయితే కత్తి తిప్పుతున్నవాడు టీవీవైపే చూపుతూ ఉండలేడని, గురిపెట్టే పనికి కూడా గైరోనే వాడారు. ఒక్కోసారి రిమోట్‌ను బటన్లు కిందికి ఉండేలా బల్లమీద బోర్లించి కాసేపు ముట్టుకోకుండా ఉంచమని ఆట అడుగుతుంది. అది దాని సంధ్యావందనం.

‘కూర్మిన్’ ఎందుకన్నామంటే, కోపంతో నొక్కినవాడికి ఉపయోగం లేదు. నొక్కేముందు కోలను తెర నడిమికి తెచ్చి పట్టుకోవాలి. వంకరగా పట్టుకొని నొక్కితే ఆ వంకరే నడిమి అని అది నమ్ముతుంది.

గురుతు చెడడం కంటే పెద్ద దోషం ఇంకొకటి ఉంది, దాన్ని విమర్శకులు తరచు దీనితోనే కలిపేస్తారు. కుడినుంచి ఎడమకు కొట్టాలంటే ఎవరైనా ముందు చెయ్యి కుడికి తీసుకుపోతారు. అది సన్నాహం. ఆ సన్నాహం కాస్త జోరుగా జరిగిందా, ఆట దాన్నే దెబ్బగా లెక్కేస్తుంది. ఎడమనుంచి కుడికి కత్తి దూసుకుపోయి సరిగ్గా వైరి కాచుకున్న దిక్కునే తగులుతుంది. ఇది యంత్రం గుడ్డితనం కాదు. చెయ్యి చేసినదంతా చూసింది, మనసులో ఉన్నది చూడలేదు. ఇందుకు ఆట మనకు అలవాటు నేర్పుతుంది. సన్నాహం నెమ్మదిగా, వేటు చురుగ్గా. అలా నేర్చుకున్నవాడు దీన్ని దోషం అనడు, నేర్చుకోలేనివాడు ఇంకేమీ అనడు.

డాలు సంగతి త్వరగా ముగిద్దాం. నన్‌చక్‌ను ముందుకు నెడితే డాలు ఎదుటివాడి వేటును తిప్పికొడుతుంది, ఆ క్షణం పట్టుకోవడం మహదానందం. కొయ్య డాలు నిప్పుకు కాలిపోతుంది, ఇనుప డాలు కరెంటును పట్టిస్తుంది. విరిగితే కొత్తది కొనాలి. ఇక్కడి నాణేన్ని రూపీ అంటారు, రిజర్వు బ్యాంకుకు సంబంధం లేదు.

మూలం

కోలయందలి విద్యుత్తు కొరత పడియె,
నీదు గుండెల నారింట నిలిచె నొకటి,
యెదుటఁ గనఁబడు నయ్యది యెనుబదైదు
పాళ్లు తలుపగు నని యెంతు, బాగుగ విను.

ప్రతిపదార్థం

అక్కర్లేదు. ఆ అక్కర్లేకపోవడమే ఇక్కడి విషయం.

తాత్పర్యం

ఇది ఫై పలుకుల ధోరణికి మా అనుకరణ. ఫై అంటే కత్తిలో నివసించే ఆత్మ, దేవత సృష్టి. నీలిరంగు ఒళ్ళు, చేతులకు బదులు వేలాడే వస్త్రాలు, లింక్‌ను ‘మాస్టర్’ అని పిలుస్తుంది, ఏ సంగతి చెప్పినా నూటికి ఇన్ని పాళ్ళని లెక్క కట్టి చెబుతుంది.

విశేషాలు

ఇక్కడ వృత్తిరీత్యా మాకు కొంత అసూయ ఉందని పాఠకులు అనుకోవచ్చు, ఎందుకంటే ఫై కూడా మావంటిదే, టీకాకారిణి. ఊరిపెద్ద ఒకడు లింక్‌తో ‘అడవిలోకి వెళ్ళు’ అంటాడు. అతడు అటు తిరగగానే కత్తిలోంచి ఫై దూకి, అడవిలోకి వెళ్ళాలని ఇప్పుడే అతడు అన్నట్టు విశదపరుస్తుంది. తెరిచిన తలుపు ముందు నిలబడితే తలుపు సంగతి చెబుతుంది. ప్రాణాన్ని లెక్కగట్టే గుండెలు తరిగిపోతున్నాయని కూడా చెబుతుంది. తెర పైభాగాన ఎర్రగా అవి కనబడుతూనే ఉన్నాయి, చాలదన్నట్టు పీకు పీకుమని ఓ చప్పుడు ఆగకుండా వస్తూనే ఉంది. మూలంలో ఉన్నదే మళ్ళీ చెప్పేవాడు వ్యాఖ్యాత కాడు, ప్రతిధ్వని.

అయితే న్యాయం తప్పకూడదు. పద్యంలోని మూడు వాక్యాల్లో ఆటగాడికి నిజంగా తెలియనిది మొదటిదొక్కటే. దైవాంశతో పుట్టిన ఖడ్గదేవత వచ్చి, స్వామీ, రిమోట్‌లో బ్యాటరీలు అయిపోవచ్చాయి అంటుంది. రసభంగమని చాలామంది నవ్వారు. మాకు మాత్రం ఆమె పలుకులన్నిటిలో అదొక్కటే పనికొచ్చే టిప్పణి అనిపిస్తుంది. తక్కినవన్నీ కథలో ఉన్నవాటి గురించి, ఇదొక్కటి చేతిలో ఉన్నదాని గురించి.

పునరుక్తి ఫైతో ఆగదు. ఏ పురుగునో, ఏ రాలిన ఈకనో ఏరుకుంటే ఆట నిలిచిపోయి అది ఏమిటో, దేనికి పనికొస్తుందో చదివిస్తుంది. ఒకసారైతే సరే. యంత్రం ఆపి మర్నాడు వేసి అదే పురుగును మళ్ళీ పట్టుకుంటే, అది ఏమిటో మళ్ళీ మొదటినుంచి చెబుతుంది. నిన్న గుర్తున్న గుహలూ తాళాలూ ఇవాళా గుర్తున్న యంత్రం, ఈ పురుగు పరిచయం మాత్రం ప్రతి ఉదయం మరిచిపోతుంది. ఇంప్రిజన్డ్ అనే నల్లటి కొండవంటి రాక్షసుడు ఒకే గోతిలోంచి ఒకే సుడిదారిన మూడుసార్లు పైకి వస్తాడు. మొదటిసారి భయం, రెండోసారి పని, మూడోసారి వెట్టి. చివరికొచ్చేసరికి అడవిని నీళ్ళతో నింపి, అందులో ఈదుతూ సంగీత స్వరాలవంటి చేపపిల్లలను ఏరమంటారు. ఈత దిశ కూడా కోల వంచితేనే. వీణ మీటడమూ కోల ఊపితేనే. పక్షి మీద స్వారీ మొదటి గంట బాగుంటుంది, తరవాత ఆకాశం ఖాళీ అని తెలుస్తుంది. బాంబును కిందినుంచి దొర్లించడం, పైనుంచి విసరడం రెండూ చేత్తోనే చేయడం మాత్రం ముద్దొస్తుంది.

పూర్వపక్షం: ఈ దోషాలన్నీ చేతి కదలికల వల్ల వచ్చినవి, కనుక ఆ పద్ధతే తప్పు.

సిద్ధాంతం: కాదు. గిరాహిమ్‌ను నమ్మిన ఆట, ఆటగాణ్ణి నమ్మలేదు. చేతికి కత్తి ఇచ్చి, ఎదుటివాడి చెయ్యి చదివి సొంతంగా ఎత్తు వేయగల బుద్ధిమంతుడని ఒప్పుకొన్నది, ఆ పోరు ముగియగానే అదే మనిషికి తలుపంటే ఏమిటో బోధించడం మొదలుపెట్టింది. దోషం కోలది కాదు, కోలలో కూర్చున్న టీకాకారిణిది.

పాఠాంతరం

2021 జులైలో ఇదే కావ్యం స్విచ్ యంత్రానికి సంస్కరించబడి వచ్చింది. సంస్కర్తలు చాకచక్యం గలవాళ్ళు. మూలంలో ఒక్క ఘట్టం ముట్టుకోలేదు, టీకను మాత్రం కత్తిరించారు. ఫై చాలాచోట్ల పిలిస్తేనే పలుకుతుంది. పురుగు పరిచయం ఒక్కసారితో సరి. సెకనుకు 30 బొమ్మలు కదిలేచోట 60 కదులుతాయి. ఆటను తనంతట తాను దాచుకుంటుంది. పరిష్కృత ప్రతి అంటే ఇలా ఉండాలి.

చేతులు ఊపే పాఠం ఇందులోనూ ఉంది, ఇప్పుడు స్విచ్ రిమోట్లయిన జాయ్‌కాన్లతో. దాని పక్కనే ఊపకుండా ఆడే పాఠం కొత్తగా చేర్చారు. కుడి బొటనవేలి కింది చిన్న కర్రను ఎటు నెడితే కత్తి అటు పోతుంది. రైలులో కూర్చొని, దుప్పటి కప్పుకొని కూడా గిరాహిమ్‌తో పోరాడవచ్చు. ఈ పాఠాన్ని మా పద్యానికి అన్వయించి చూస్తే వింత బయటపడింది. చేతిలో కోల లేదు, మొదటి పాదం పోయింది. ఎడమన డాలు లేదు, రెండోది పోయింది. గురుతు చెడడమన్నదే లేదు కనుక నాలుగో పాదం చివరి సగం ప్రక్షిప్తం. సన్నాహాన్ని దెబ్బగా పొరబడే బాధ కూడా తీరింది. మిగిలింది ‘వైరి కాచు దిక్కు వదలి వేరొక దిక్కుఁ గొట్టు’ అన్నది ఒక్కటే. ఆట నిలబడే ఉంది.

ఇంతకీ ఏ ప్రతి పఠనీయం? ఇంట్లో పిల్లలు, గాజు బల్లలు, తక్కువ ఎత్తు సీలింగ్ ఫ్యాను ఉన్నవాళ్ళకు బొటనవేలి పాఠమే మేలు. చేత్తో అబద్ధమాడే విద్య కావాలన్నవాళ్ళు తాడు బిగించుకొని 2011 ప్రతికే వెళ్ళాలి. బ్యాటరీలు వెంట ఉంచుకోండి, అవి ఎప్పుడు అయిపోతాయో ఎలాగూ ఫై చెబుతుంది.